ఒక్క చుక్క తేడా, కోటానుకోట్ల ఖాళీలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే దారం పట్టుకుని వచ్చాయి. స్ఫటికంలో ఎన్ని స్థానాలు ఖాళీగా ఉన్నాయో సాంద్రత కొలిచి చెప్పొచ్చా అన్నదే ఆ దారం. నేను 31 ఏళ్లు కెమిస్ట్రీ ల్యాబులో పిల్లల చేత డెన్సిటీ బాటిళ్లు కడిగించినదాన్ని, కొన్నిటిని నా చేతులతోనే పగలగొట్టినదాన్ని. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది. కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సంతృప్త ద్రావణం నుంచి ఉప్పు స్ఫటికాలు పెంచి వాటి సాంద్రత కొలిచాను. స్ఫటికాల బరువు 6.420 గ్రాములు. బాటిల్‌లో అవి తోసేసిన టోలీన్ అనే ద్రవం బరువు 2.601 గ్రాములు. టోలీన్ సాంద్రత పుస్తకంలో 0.867 అని ఉంది కాబట్టి స్ఫటికాల ఘనపరిమాణం సరిగ్గా 3 ఘన సెంటీమీటర్లు, సాంద్రత 2.140 వచ్చింది. ఎక్స్-రే అంచు పొడవుతో లెక్క వేస్తే 2.163 రావాలి. తేడా 1.06 శాతం. ఇవన్నీ షాట్కీ లోపాలేనని, అంటే అయాన్లు వదిలేసిన ఖాళీలేనని రికార్డులో రాశాను. మా సార్ ఎర్ర పెన్నుతో ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. ఆ రోజు గదిలో 26 డిగ్రీలుంది. తప్పెక్కడ జరిగింది?

జవాబు: అమ్మా, నీ గుణకారాల్లో, భాగహారాల్లో తప్పేమీ లేదు. ఉప్పును నీళ్లలో కాక టోలీన్‌లో వేయడం కూడా మంచి పనే. నీళ్లయితే 100 గ్రాములు 36 గ్రాముల ఉప్పును మింగేస్తాయి, ఇక కొలవడానికి ఏం మిగులుతుంది? తప్పంతా చివరి వాక్యంలో ఉంది. తేడా వచ్చింది కదా, అది ఖాళీలదే అయి ఉంటుందనుకున్నావు. సార్ ప్రశ్నార్థకం దాని మీదే.

మిగతా పాఠకుల కోసం లెక్క ఒకసారి చెప్తాను. ఉప్పు యూనిట్ సెల్, అంటే స్ఫటికంలో పదేపదే వచ్చే అతి చిన్న పెట్టె, ఒక ఘనం. దాని అంచు 5.640 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు). అందులో 4 సోడియం, 4 క్లోరైడ్ అయాన్లుంటాయి. ఫార్ములా భారం 58.44ను 4తో హెచ్చవేసి, అవొగాడ్రో సంఖ్యతోనూ అంచు ఘనంతోనూ భాగిస్తే 2.1636 వస్తుంది. ఒక్క స్థానం కూడా ఖాళీ లేకపోతే ఉండాల్సిన సాంద్రత ఇది. ఎక్స్-రే చూసేది అయాన్ల వరసల మధ్య దూరాన్ని. వరసలో అక్కడక్కడా ఒకరు లేకపోయినా ఆ దూరం పెద్దగా మారదు. డెన్సిటీ బాటిల్ అలా కాదు. మొత్తం ముక్కను, దాని గుణదోషాలతో సహా కొలుస్తుంది. షాట్కీ లోపంలో ఒక సోడియం, ఒక క్లోరైడ్ తమ చోట్లు వదిలేసి స్ఫటికం పైతలానికి వెళ్లి కూర్చుంటాయి. సరుకు అంతే ఉంటుంది, స్ఫటికం మాత్రం ఆ మేరకు ఉబ్బుతుంది. అందుకే సాంద్రత తగ్గుతుంది. ఎక్స్-రే సాంద్రతలోంచి కొలిచిన సాంద్రత తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ ఎక్స్-రే సాంద్రతతోనే భాగిస్తే ఖాళీల భాగం వస్తుంది. సూత్రం ఇంతే, అది ఒప్పే.

ఇప్పుడు నీ 1.06 శాతాన్ని సంఖ్యగా మార్చి చూద్దాం. ఒక ఘన సెంటీమీటరు ఉప్పులో 2.23 × 10²² అయాన్ల జంటలుంటాయి. అందులో 1.06 శాతం అంటే 2.4 × 10²⁰ జంటలు. గది వేడిలో ఉప్పులో ఉండే షాట్కీ జంటలు ఘన సెంటీమీటరుకు సుమారు 10⁶ అని నీ పాఠ్యపుస్తకంలోనే ఉంటుంది. అంటే పది లక్షలు. నువ్వు రికార్డులో రాసింది దానికి కోటి కోట్ల రెట్ల పైమాట!

అంత తక్కువెందుకంటే, ఒక జంట ఖాళీ పుట్టాలంటే సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. గది ఉష్ణోగ్రతలో కణాల కుదుపుల స్థాయి 0.026 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే ఉంటుంది. ఎప్పుడో చాలా అరుదుగా ఒక అయాను ఆ గోడ దూకుతుంది. 1 గ్రాము ఉప్పులో ఈ ఖాళీల వల్ల వచ్చే తేడా సుమారు 10⁻¹⁶ గ్రాములు. ఒక బ్యాక్టీరియా బరువు 10⁻¹² గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఒక బ్యాక్టీరియాను పదివేల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను తూచాలి. మీ కాలేజీ తక్కెడే కాదు, ఏ తక్కెడా ఆ పని చేయలేదు.

ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దానికి కొంచెం ముందు వరకు వేడి చేసినా ఖాళీలు పదివేల స్థానాలకు ఒకటి అనే స్థాయికి మాత్రమే వస్తాయి. గది ఉష్ణోగ్రత దగ్గర ఉప్పు ఒక్క డిగ్రీ వేడెక్కితేనే దాని ఘనపరిమాణం లక్షకు 12 వంతులు పెరుగుతుంది. అంటే థర్మామీటరు చదవడంలో ఒక డిగ్రీ తప్పు, కరగబోయే ఉప్పులోని ఖాళీలన్నిటికీ సమానం. ఇది తెలిశాక సాంద్రత కొలతల మీద నాకు భక్తి తగ్గలేదు గానీ భయం పెరిగింది.

మరి నీ 1.06 శాతం ఎక్కడిది? ముందు టోలీన్ సంగతి చూద్దాం. నువ్వు వాడిన 0.867 అనేది 20 డిగ్రీల దగ్గరి విలువ. టోలీన్ డిగ్రీకి సుమారు 0.1 శాతం పలచబడుతుంది. 26 డిగ్రీల దగ్గర అది 0.861కి దిగుతుంది. ఆ విలువ పెట్టి మళ్లీ లెక్క వేస్తే ఘనపరిమాణం 3.021, సాంద్రత 2.125. తేడా 1.76 శాతం! తప్పు దిద్దితే రోగం తగ్గాల్సింది పోయి ముదిరింది. అంటే నీ కొలతలో రెండు తప్పులు ఒకదాన్నొకటి కొంత కప్పిపుచ్చుకుంటున్నాయన్నమాట. ల్యాబులో ఇది చాలా మామూలు. పుస్తకం విలువకు దగ్గరగా వచ్చిందని సంబరపడి మనం పక్కన పెట్టిన రీడింగుల్లో ఇలాంటివి ఎన్నో.

మిగిలిన తేడా పెద్దగా కనిపిస్తుంది గానీ, దాన్ని ఘనపరిమాణంలోకి మార్చు. 6.420 గ్రాముల మంచి ఉప్పు 2.967 మిల్లీలీటర్ల చోటు పట్టాలి. నీకు 3.021 వచ్చింది. ఎక్కువైంది 0.054 మిల్లీలీటర్లు. డ్రాపర్ నుంచి పడే ఒక్క చుక్క అంత! ఒక చుక్క పట్టే చోటు నీ స్ఫటికాల లోపలో, చుట్టూనో దాగి ఉంది. దొంగలు ఇద్దరు.

మొదటి దొంగ గాలి. ఇది నా సొంత అనుభవం. ఎమ్మెస్సీలో పొటాషియం క్లోరైడ్ సాంద్రత కొలిస్తే 0.4 శాతం తక్కువ వచ్చింది. నేను కూడా నీలాగే ఖాళీల లెక్క కట్టి, కాగితం పట్టుకుని గైడ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన కాగితం చూడలేదు. "బాటిల్ తీసుకురా" అన్నారు. మూత తీసి డెసికేటర్‌లో పెట్టి వాక్యూమ్ పంపు ఆన్ చేశారు. అర నిమిషం ఏమీ లేదు. ఆ తర్వాత స్ఫటికాల సందుల్లోంచి ఆవగింజలో సగమంత బుడగలు ఒక్కొక్కటే లేచాయి. కాసేపటికి వరస కట్టాయి. ఒక పెద్ద స్ఫటికం అడుగు పగుల్లోంచి అయితే దారం లాగినట్టు ఆగకుండా వచ్చాయి. ఆయన నా వైపు చూసి, "లెక్కపెట్టు, ఇవే నీ ఖాళీలు" అన్నారు. తర్వాత టోలీన్ మళ్లీ నింపి తూస్తే తేడా 0.05 శాతానికి పడిపోయింది. ఆ కాగితం చించేశాను గానీ ఆ బుడగలు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందున్నాయి.

రెండో దొంగ ఉప్పునీరు. ద్రావణంలో తొందరగా పెరిగిన స్ఫటికాన్ని భూతద్దం కింద పెట్టి చూడు. అంచులు అద్దంలా ఉన్నా మధ్యలో పాలపొరలా తెల్లగా ఉంటే, అవి చిన్నచిన్న ఉప్పునీటి గూళ్లు. స్ఫటికం పెరిగే తొందరలో ద్రావణాన్ని లోపలే మూసేసుకుంటుంది. అలాంటి ఉప్పును వేడి చేస్తే చిటపటమని పేలేది ఆ నీరు ఆవిరై బయటికి రావడం వల్లే. సంతృప్త ఉప్పునీటి సాంద్రత సుమారు 1.2. స్ఫటికం ఘనపరిమాణంలో నూటికి ఒక వంతు ఆ నీరే ఉంటే సాంద్రత 0.45 శాతం తగ్గుతుంది. నీకు ఖాళీలుగా కనిపించినవాటిలో ఈ నీటి వాటా తప్పకుండా ఉంటుంది.

మళ్లీ చేసేటప్పుడు స్ఫటికాలను కల్వంలో నలుగగొట్టు. మరీ పిండి చేయకు, పిండైతే గాలిని పట్టుకుని వదలదు. రవ్వలా ఉంటే చాలు. 120 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, చల్లారాక తూచి, కొద్దిగా టోలీన్ పోసి, పంపు కింద బుడగలు ఆగేదాకా ఉంచు. బాటిల్‌ను అరచేత్తో పట్టుకోకు, మెడ దగ్గర వేళ్లతో పట్టుకో. 25 మిల్లీలీటర్ల టోలీన్ ఒక్క డిగ్రీ వేడెక్కితే మూత కన్నంలోంచి అర చుక్క పైకి తన్నుకొస్తుంది. దాన్ని తుడిచేశావంటే బరువు తగ్గింది, లెక్క మారింది. ఇంకో మాట, టోలీన్ ఆవిరి పీల్చకూడదు, మంట దగ్గరికి తీసుకెళ్లకూడదు. ఇవన్నీ చేశాక 2.16 దరిదాపుల్లో వస్తే రికార్డులో "ఈ పద్ధతితో ఖాళీలు కనబడవు" అని రాయి. ఎర్ర పెన్ను ఈసారి టిక్కు పెడుతుంది.

ప్రశ్న: పోటీ పరీక్షలకు పిల్లలకు కోచింగ్ ఇస్తుంటాను. "ఉప్పు అంచు పొడవు 5.628 ఆంగ్‌స్ట్రామ్‌లు, కొలిచిన సాంద్రత 2.165. ఖాళీ స్థానాల శాతం ఎంత?" అనే లెక్క చేయించాను. 0.57 వస్తుంది. "ఉప్పులో నిజంగా అన్ని ఖాళీలుంటాయా సార్?" అని ఒక పిల్లవాడు అడిగాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: మాస్టారూ, ఉండవని చెప్పండి. ఆ పిల్లవాడిని ఒకసారి భుజం కూడా తట్టండి. సూత్రం నేర్పడానికి ఈ లెక్క పనికొస్తుంది, ఉప్పు గురించి మాత్రం అది చెప్పేది అబద్ధం.

గుట్టంతా 5.628లో ఉంది. అసలు అంచు 5.640. తేడా 0.012 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే 0.2 శాతం. పోనీలే అనిపిస్తుంది. కానీ సాంద్రతలోకి వెళ్లేది అంచు కాదు, అంచు ఘనం. తప్పు మూడింతలై 0.6 శాతం దాటుతుంది. లెక్కలో వచ్చిన ఖాళీలన్నీ ఆ చివరి అంకెల్లో పుట్టినవే. సరైన అంచుతో మీరే వేసి చూడండి. ఎక్స్-రే సాంద్రత 2.1636 వస్తుంది, కొలిచింది 2.165. అంటే ఖాళీలు మైనస్ 0.06 శాతం! స్ఫటికంలో లేని స్థానాల్లో కూడా అయాన్లు కూర్చున్నాయనుకోవాలి మరి. మైనస్ రావడానికి కారణం వేరే ఏమీ లేదు, కొలతల్లో ఉండే మామూలు తప్పే అంత ఉంది. ఇంకో చిన్న ముచ్చట. ఫార్ములా భారం 58.44ను చాలామంది 58.5 చేసేస్తారు. ఆ ఒక్క పనితో 0.1 శాతం "ఖాళీలు" ఊరికే పుడతాయి.

ఇదే సమీకరణాన్ని తిరగేసి వాడిన సంగతి కూడా పిల్లలకు చెప్పండి. అంచు, సాంద్రత, పరమాణు భారం మూడూ బాగా తెలిస్తే అవొగాడ్రో సంఖ్యే బయటికొస్తుంది. సిలికాన్-28తో గోళాలు చేసి, వాటిని కొలిచి ఆ సంఖ్యను తేల్చారు. 2019 నుంచి అది 6.02214076 × 10²³ అని స్థిరపడింది. ఆ పనిలో గోళంలోని ఖాళీలను కూడా లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. చివరి అంకెల దాకా వెళ్లేవాళ్లకే వాటితో పని పడుతుంది.

ప్రశ్న: ఫ్రెంకెల్ లోపంలో సాంద్రత మారదంటారు. అస్సలు మారదా?

జవాబు: అయాను తన చోటు వదిలి పక్క సందులో దూరుతుంది, స్ఫటికం దాటి బయటికి పోదు. సరుకూ అంతే, స్థానాలూ అన్నే. సిల్వర్ క్లోరైడ్, సిల్వర్ బ్రోమైడ్‌లలో చిన్న వెండి అయాన్లు ఇలాగే దూరతాయి. సందులో ఇరుక్కున్నది చుట్టుపక్కలవాటిని కాస్త నెడుతుంది కాబట్టి ఘనపరిమాణంలో నలుసంత మార్పు ఉండొచ్చు. పరీక్షలో మాత్రం "మారదు" అనే రాయండి.

ప్రశ్న: ఐరన్ ఆక్సైడ్ ఎప్పుడూ సరిగ్గా ఒకటికి ఒకటి ఉండదని, ఆక్సిజన్ 1 ఉంటే ఇనుము 0.95 దగ్గర ఉంటుందని చదివాను. కానీ ఇనుము తక్కువైందో, ఆక్సిజన్ ఎక్కువైందో ఎలా తెలిసింది? నిష్పత్తి రెండింటికీ ఒకటే కదా.

జవాబు: ఈ ఉత్తరం చదివి ల్యాబులోకి మళ్లీ వెళ్లాలనిపించింది. సాంద్రత కొలతకు అసలైన పని ఇక్కడే ఉంది.

రసాయన విశ్లేషణ చేస్తే ఇనుము, ఆక్సిజన్ ఏ నిష్పత్తిలో ఉన్నాయో మాత్రమే తెలుస్తుంది. మీరన్నట్టు దానికి రెండు అర్థాలు చెప్పుకోవచ్చు. ఆక్సిజన్ స్థానాలన్నీ నిండి, ఇనుము స్థానాల్లో కొన్ని ఖాళీగా ఉండొచ్చు. లేదా ఇనుము స్థానాలన్నీ నిండి, అదనపు ఆక్సిజన్ సందుల్లో ఇరుక్కుని ఉండొచ్చు. మొదటిదైతే యూనిట్ సెల్‌లో సరుకు తగ్గుతుంది. రెండోదైతే పెరుగుతుంది. నిష్పత్తి ఒకటే అయినా బరువులు వేరు.

1933లో జెట్, ఫుట్ అనే ఇద్దరు ఈ ఆక్సైడ్‌ను, అంటే వుస్టైట్‌ను, రకరకాల నిష్పత్తుల్లో తీసుకుని అంచు పొడవు, సాంద్రత రెండూ కొలిచారు. ఇనుము 0.945 ఉన్న నమూనాలో అంచు 4.301 ఆంగ్‌స్ట్రామ్‌లు. కాగితం మీద లెక్క వేద్దాం. ఆక్సిజన్ అదనంగా దూరిందనుకుంటే సాంద్రత 6.08 ఉండాలి. ఇనుము లేదనుకుంటే 5.74. కొలిస్తే వచ్చింది 5.728. ఇక వాదన ఏముంది? రెండు జవాబుల మధ్య దూరం 6 శాతం. కొలతలో అర శాతం తప్పు ఉన్నా తీర్పు మారదు. ఉప్పులో మనల్ని ఏడిపించిన బుడగలు, డిగ్రీలు ఇక్కడ ఏమీ చేయలేవు. ఈ తేడాయే నేను పిల్లలకు పదేపదే చెప్పేదాన్ని. సాంద్రత ఖాళీలను లెక్కపెట్టే గుమాస్తా కాదు, రెండు వాదనల మధ్య తీర్పు చెప్పే పెద్దమనిషి.

ఇంకా అందమైన సాక్ష్యం ఒకటి ఉంది. ఇనుము 0.910కి తగ్గిన నమూనాలో అంచు 4.282కి కుంచించుకుపోయింది. ఖాళీ ఒకటి పుట్టిన ప్రతిచోటా, విద్యుదావేశం సరిపోవడానికి రెండు ఇనుప అయాన్లు మూడు ధనావేశాలున్నవిగా మారాలి. అవి పరిమాణంలో చిన్నవి, అందుకే పెట్టె చిన్నదవుతుంది. అంచు తగ్గిన లెక్కన చూస్తే, లోపలి సరుకు అంతే ఉంటే సాంద్రత 1.3 శాతం పెరగాలి. కానీ అది 5.728 నుంచి 5.613కి, అంటే 2 శాతం తగ్గింది. పెట్టె చిన్నదైనా బరువు పడిపోయిందంటే లోపలి సరుకు పోయినట్టే కదా! ఏ సూత్రమూ రాయకుండానే ఇనుము లేదని తెలిసిపోతుంది.

ఒక్క హెచ్చరిక. 0.945 అంటే నూరు ఇనుము స్థానాల్లో ఐదున్నర ఖాళీ అనుకుని ఊరుకోకండి. అది నికరం మాత్రమే. 1969లో కోచ్, కోహెన్ వుస్టైట్‌లో ఈ ఖాళీలు గుంపులు కడతాయని చూపారు. వాళ్లు చెప్పిన ఒక గుంపులో 13 ఖాళీలు, వాటి మధ్య సందుల్లో 4 ఇనుప అయాన్లు ఉంటాయి. 13 పోయాయి, 4 లోపలే ఉన్నాయి. సాంద్రత లెక్కలో ఆ గుంపు 9 ఖాళీలుగానే కనబడుతుంది. ఖాళీలు విడివిడిగా ఉన్నాయా, గుంపుగా ఉన్నాయా అని సాంద్రతను అడిగి లాభం లేదు. దానికి చిరునామాలు తెలియవు.

ఇనుము కథ నచ్చినవాళ్లకు టైటానియం మోనాక్సైడ్ మరీ నచ్చుతుంది. అందులో నిష్పత్తి సరిగ్గా ఒకటికి ఒకటి ఉన్నప్పుడు కూడా రెండు రకాల స్థానాల్లోనూ సుమారు 15 శాతం ఖాళీ. అంచు 4.18 ఆంగ్‌స్ట్రామ్‌లు. అన్నీ నిండి ఉంటే సాంద్రత 5.81 ఉండాలి, ఉన్నది 4.95 దగ్గర. రసాయన విశ్లేషణ మాత్రం "అంతా సవ్యంగా ఉంది" అంటుంది. గది వేడికి పుట్టే ఖాళీలు కావివి, ఆ పదార్థం నిర్మాణంలోనే ఉన్నవి. ఇలాంటి చోట సాంద్రత కొలవకపోతే మోసపోతాం.

ప్రశ్న: ఉప్పులాంటి వాటిలో సాంద్రత పనికిరాదంటే వేడికి పుట్టే ఖాళీలను మరెలా లెక్కపెడతారు?

జవాబు: ఉప్పులో విద్యుత్తు మోసేవి ముఖ్యంగా సోడియం ఖాళీలే. పక్కనున్న సోడియం ఖాళీలోకి గెంతుతుంది, ఖాళీ వెనక్కి జరుగుతుంది. అందుకే వివిధ ఉష్ణోగ్రతల దగ్గర వాహకత కొలిచి ఖాళీల లెక్క రాబడతారు. తక్కెడకు దొరకనంత తక్కువ సంఖ్య కూడా కరెంటుకు దొరుకుతుంది.

సాంద్రత ఆలోచనను వదలకుండానే దాన్ని పదును పెట్టిన ప్రయోగం లోహంలో జరిగింది. 1960లో సిమన్స్, బాలఫీ అల్యూమినియం కడ్డీని వేడి చేస్తూ, కడ్డీ పొడవు ఎంత పెరిగిందో, ఎక్స్-రే అంచు ఎంత పెరిగిందో ఏకకాలంలో కొలిచారు. ఖాళీలు పుట్టకపోతే రెండూ ఒకే నిష్పత్తిలో పెరగాలి. కడ్డీ కాస్త ఎక్కువ పెరిగింది. ఆ తేడాకు మూడింతలే ఖాళీల భాగం. 660 డిగ్రీల కరిగే స్థానం దగ్గర అది పదివేలకు 9. తూచింది లేదు, టోలీన్ లేదు, బుడగ లేదు. నాకు అసూయ పుట్టించిన ప్రయోగాల్లో ఇదొకటి.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు పొటాషియం క్లోరైడ్‌లో కాల్షియం క్లోరైడ్ కలిపి స్ఫటికాలు పెంచుతున్నాను. సాంద్రతతో ఖాళీలు చూపించగలనా? వెయ్యికి ఒకటి చొప్పున కాల్షియం కలిపాను.

జవాబు: చూపించగలవు బాబూ, కానీ అంచు మీద నడక. నువ్వు మంచి జంటను ఎంచుకున్నావు. పొటాషియం భారం 39.10, కాల్షియం 40.08, దాదాపు సమానం. కాల్షియం అయాను చిన్నది కూడా. వ్యాసార్థం 1.00 ఆంగ్‌స్ట్రామ్, పొటాషియంది 1.38. బరువు కాస్త ఎక్కువ, చోటు తక్కువ. కాబట్టి ఖాళీలు పుట్టకపోతే సాంద్రత పెరగాలి. కానీ రెండు ధనావేశాలున్న కాల్షియం ఒకటి వస్తే రెండు పొటాషియంలు వెళ్లిపోవాలి. ఒకరి చోట్లో కాల్షియం కూర్చుంటుంది, రెండో చోటు ఖాళీగా మిగులుతుంది. 1950లో పిక్, వెబర్ ఇలాంటి స్ఫటికాల మీద పని చేసి, కాల్షియం కలిపితే సాంద్రత తగ్గుతుందని చూపారు. పెరగాల్సింది తగ్గింది కాబట్టి మళ్లీ తీర్పు స్పష్టమే.

నీ అంకెలు చూద్దాం. ఒక్కో కాల్షియంకు 78.20 పోయి 40.08 వచ్చింది, నికరంగా 38.12 నష్టం. వెయ్యికి ఒకటి చొప్పున అయితే 74.55 ఫార్ములా భారంలో 0.038 తగ్గుతుంది. అంచు మారలేదనుకుంటే 0.05 శాతం. డెన్సిటీ బాటిల్‌తో దీన్ని పట్టుకోవడం కష్టం. బుడగలన్నీ వెళ్లగొట్టాక నాకు మిగిలిన తప్పే అంత ఉందని పైన చెప్పాను కదా. బాటిల్ వదిలేసి తేలే పద్ధతికి వెళ్లు. 2.89 సాంద్రత ఉన్న బ్రోమోఫామ్‌లో టోలీన్ కొద్దికొద్దిగా కలుపుతూ, స్ఫటికం మునగకుండా, తేలకుండా మధ్యలో నిలిచేలా చెయ్యి. అప్పుడు ద్రవం సాంద్రతే స్ఫటికం సాంద్రత. కాల్షియం లేని శుద్ధమైన ముక్కను కూడా అదే గొట్టంలో వెయ్యి. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు ఏది ముందు కిందికి దిగుతుందో కంటికే కనిపిస్తుంది. ఉష్ణోగ్రతను డిగ్రీలో పదో వంతు లోపల నిలబెట్టాలి. బ్రోమోఫామ్ విషం, ఫ్యూమ్ హుడ్ బయట మూత తీయొద్దు.

పాలపొర ఉన్న ముక్కల్ని పనికి తీసుకోకు. నువ్వు కలిపిన "వెయ్యికి ఒకటి" అనే అంకెను కూడా నమ్మకు. ద్రావణంలో వేసినదంతా స్ఫటికంలోకి ఎక్కదు, చాలా భాగం బయటే ఉండిపోతుంది. అందుకని సాంద్రత కొలిచాక ఆ ముక్కను పారేయకు. దాన్నే తుడిచి, ఆరబెట్టి, తూచి, నీళ్లలో కరిగించి కాల్షియం ఎంతుందో తేల్చు. వేరే ముక్క కాదు, ఆ ముక్కే.